ఇలిజరోవ్: బిగువు తీగల వైద్యుడు

ఉక్కుతో బతికే జంషెడ్‌పూర్‌లో, అగ్రికో వీధిలో ఎవరి కాలికైనా ఉక్కు రింగులు కనిపిస్తే దాన్ని ఇలిజరోవ్ అంటారు. అది ఒక మనిషి పేరు.

గవ్రీల్ ఇలిజరోవ్ 1921లో పోలండ్‌లో పుట్టి, అజర్‌బైజాన్‌లో పెరిగారు. 1944లో వైద్య పట్టా పుచ్చుకొని, సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతానికి పల్లె వైద్యుడిగా వెళ్లారు. యుద్ధం మిగిల్చిన, అతుక్కోని ఎముకలు చూశారు. 1950ల తొలినాళ్లలో సన్నని తీగలను ఎముకలోంచి దూర్చి, సైకిల్ చక్రం పుల్లల్లా బిగించి రింగులకు కట్టారు. మాస్కో పెద్దలు చాలాకాలం పట్టించుకోలేదు. 1968లో హైజంప్ ఒలింపిక్ విజేత బ్రూమెల్ కాలికి వైద్యం చేశాకే పేరు మోగింది.

అయితే చర్మం దాటిన ప్రతి తీగా సూక్ష్మజీవులకు దారే. తీగ వదులైతే చర్మం రాసుకుని చీము పడుతుంది; ఎముక దాకా పాకితే అతుకుడే చెడుతుంది. అందుకే బిగువు ఎముకకే కాదు, చర్మానికీ కాపు. మిగతాది ఇంట్లో జరగాలి: చేతులు కడుక్కుని, డాక్టరు చెప్పిన ద్రావణంతో తీగల చుట్టూ తుడవడం. ఈ చిన్న పనికే మనవాళ్లకు బద్ధకం. ఎర్రబడినా, నొప్పి పెరిగినా, చీము కారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇలిజరోవ్ 1992లో కుర్గాన్‌లోనే కన్నుమూశారు. అక్కడి ఎముకల వైద్య కేంద్రం ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.