వేడికి లెక్క చెప్పిన ఫోరియర్

వేడి పాలలో స్టీలు గరిటె వేసి ఉంచితే కాసేపటికి దాని కాడ కూడా చెయ్యి కాలుస్తుంది. బయటికి తీస్తే మెల్లగా చల్లారుతుంది. ఇది మనందరికీ తెలిసిందే. కానీ ఏ క్షణంలో, గరిటెలో ఏ చోట ఎంత వేడి ఉంటుందో లెక్కకట్టగలమా? కట్టగలమని చూపించినవారు ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్.

ఆయన 1768 మార్చి 21న ఓసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. ఊళ్లోని సైనిక పాఠశాలలో చదువుతూ లెక్కల మీద మక్కువ పెంచుకున్నారు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794లో జైలుపాలై బయటపడ్డారు. తర్వాత పారిస్‌లో అధ్యాపకులయ్యారు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లి, 1801లో తిరిగి వచ్చారు.

మళ్లీ పారిస్‌లో పాఠాలు చెప్పుకోవాలన్నది ఆయన కోరిక. కానీ నెపోలియన్ ఆయనను ఆల్ప్స్ పర్వతాల దగ్గరి గ్రెనోబుల్‌కు పంపారు. అక్కడ ఆయనది మన కలెక్టరు లాంటి ఉద్యోగం. కోరని చోటికి పోస్టింగు అంటే ఏమిటో మన ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు! అయినా ఆయన చిత్తడి నేలల నీరు తీయించారు, ఇటలీలోని టురిన్ వైపు రోడ్డు వేయించారు. ఆ పనుల మధ్యనే ఒక ఇనుప వలయాన్ని ఒకవైపు కాల్చి, అక్కడక్కడ థర్మామీటర్లు పెట్టి, వేడి ఎలా పాకుతుందో పరిశీలించారు.

ఆయన చెప్పింది ఇది. ఒక బిందువు తన ఇరుగుపొరుగు బిందువుల సగటు కన్నా వేడిగా ఉంటే చల్లబడుతుంది, చల్లగా ఉంటే వేడెక్కుతుంది. తేడా ఎంత ఎక్కువైతే మార్పు అంత వేగంగా జరుగుతుంది. దీన్నే ఆయన అవకలన సమీకరణంగా రాశారు. దాన్ని సాధించడానికి, వస్తువులోని వేడి హెచ్చుతగ్గులను సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా విడగొట్టారు. పొట్టి తరంగాలు త్వరగా అణగిపోతాయి, పొడవాటివి నెమ్మదిగా అణుగుతాయి. అందుకే వేడి చివరికి అంతటా సమంగా సర్దుకుంటుంది.

1807లో ఈ పరిశోధనను పారిస్‌కు పంపితే లగ్రాంజ్ వంటి పెద్దలు ఒప్పుకోలేదు. 1811లో తిరగరాసి పంపితే బహుమతి ఇచ్చారు గానీ, నిరూపణ గట్టిగా లేదంటూ అచ్చు వేయలేదు. వారి అభ్యంతరం పూర్తిగా తప్పూ కాదు. ఆ లోటును 1829లో డిరిక్లే అనే గణితవేత్త చాలావరకు పూరించారు. ఫోరియర్ మాత్రం పట్టు వదలక 1822లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చారు. మొదటి ప్రయత్నం నుంచి అప్పటికి 15 ఏళ్లు!

1830 మే 16న ఆయన పారిస్‌లో కన్నుమూశారు. ఐఫెల్ టవర్ మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయన పేరూ ఉంది. వేడి లెక్క కోసం పుట్టిన ఆ తరంగాల పద్ధతే నేడు శబ్దాలను, చిత్రాలను విశ్లేషించడానికీ పనికొస్తోంది.

ఆయన జీవితంలోని పెద్ద పని ఆయన కోరని ఊళ్లోనే మొదలైంది. ఈసారి కొత్త ఊళ్లో పెట్టెలు విప్పేటప్పుడు మనం ఈ సంగతి గుర్తు చేసుకుందాం.