ఆధారం చూపినంత వరకే: రోజలిండ్ ఫ్రాంక్లిన్

కీసర నుంచి ఈసీఐఎల్ మీదుగా ఉప్పల్ వైపు ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్లలో మీరూ ఒకరైతే, సీడీఎఫ్‌డీ అనే బోర్డు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. సెంటర్ ఫర్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్. ఒకప్పుడు నాచారంలో ఉండేది, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. బీటెక్ రోజుల్లో నేను దాన్ని పోలీసు కేసుల ల్యాబ్ అనుకునేవాణ్ని. పేరులోని చివరి మాట పట్టించుకోలేదు. కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే జబ్బుల జాడ డీఎన్‌ఏలో వెతకడం కూడా అక్కడి పనే. ఆ డీఎన్‌ఏ ఆకారం లోకానికి తెలియడానికి కారణమైనవాళ్లలో ఒకామె 37 ఏళ్లకే అండాశయ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె కథే ఇది.

రోజలిండ్ ఫ్రాంక్లిన్ 1920 జులై 25న లండన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. 1938లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కాలేజీలో చేరింది. అప్పట్లో కేంబ్రిడ్జ్ అమ్మాయిలకు పరీక్షలైతే పెట్టేది గానీ, అబ్బాయిలతో సమానంగా డిగ్రీ ఇచ్చేది కాదు. ఆమె మొదటి ఉద్యోగం బొగ్గు మీద. అవును, బొగ్గే. దానిలోని సన్నటి రంధ్రాల్లోకి ఏ అణువు దూరుతుంది, ఏది దూరదు అన్నది ఆమె పని. 1945లో పీహెచ్‌డీ కూడా దాని మీదే వచ్చింది. 1947లో పారిస్ వెళ్లి, ఎక్స్-రేలతో పదార్థం లోపలి నిర్మాణాన్ని చదవడం నేర్చుకుంది. మన బ్రాంచ్ ఇది కాదు కదా అని అప్లికేషన్ పక్కన పెట్టేసేవాళ్లు ఈ వరుస ఓసారి చూడండి: బొగ్గు, తర్వాత డీఎన్‌ఏ, ఆ తర్వాత వైరస్‌లు.

1951లో లండన్ కింగ్స్ కాలేజీలో చేరింది. తేమను తగ్గిస్తూ పెంచుతూ చూస్తే డీఎన్‌ఏ రెండు రూపాల్లో కనిపిస్తుందని తేల్చింది. అంతవరకు అవి రెండూ కలగలిసి ఫొటోలన్నీ మసకగా వచ్చేవి. ఆ ఏడాదే వాట్సన్, క్రిక్ తమ మొదటి నమూనా కట్టి కింగ్స్ వాళ్లను చూడ్డానికి పిలిచారు. ఫాస్ఫేట్లు లోపల పెట్టారు, అవి బయట ఉండాలి కదా అని ఆమె అక్కడికక్కడే తప్పు పట్టింది. 1952 మేలో తన విద్యార్థి రేమండ్ గోస్లింగ్‌తో కలిసి తీసిందే ప్రసిద్ధమైన ఫొటో 51. ఒక్క ఫొటోకి అరవై గంటలకు పైగా ఎక్స్-రే పట్టాల్సి వచ్చింది. 1953 జనవరిలో ఆమెకు తెలియకుండానే విల్కిన్స్ దాన్ని వాట్సన్‌కు చూపించాడు. మిగతాది మీకు తెలుసు. 1962లో నోబెల్ ఆ ముగ్గురికీ వచ్చింది, అప్పటికి ఆమె లేదు.

ఈ అన్యాయం మీద మీరు రీల్స్ చాలానే చూసి ఉంటారు. కోపం న్యాయమైనదే. కానీ నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఆమె పద్ధతి. డేటా ఎంత చెబితే అంతే చెప్పడం, ఊహతో ఖాళీలు పూరించకపోవడం. ఆ జాగ్రత్త వల్ల ఆమె పందెంలో వెనకబడిందనే వాళ్లూ ఉన్నారు. ఉండొచ్చు. కానీ ఈరోజు జన్యు పరీక్ష రిపోర్టు ముందేసుకుని కూర్చునే మనిషికి కావలసింది సరిగ్గా ఆ గుణమే.

ఎందుకంటారా? బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే పనిలో ఉంటాయి. మొదటిది 1994లో, రెండోది ఆ మరుసటి ఏడాది దొరికాయి. వాటిలో హానికరమైన మార్పుతో పుట్టిన మహిళల్లో, 80 ఏళ్లు వచ్చేలోపు 100కి 70 మంది దాకా రొమ్ము క్యాన్సర్ రావచ్చు. అండాశయ క్యాన్సర్ బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లలో 100కి 40 మందికి పైగా, బీఆర్‌సీఏ2 ఉన్నవాళ్లలో 17 మంది దాకా. బిడ్డకు ఆ మార్పు చేరే అవకాశం సగానికి సగం. నాన్న నుంచి కూడా రావచ్చు. మనవాళ్లు అమ్మమ్మ వైపే ఆరా తీస్తారు, మేనత్తల సంగతి ఎవరూ అడగరు. మేనరికం వల్లే వచ్చిందంటారు, అదీ తప్పే. దీనికి ఒక్కవైపు నుంచి వచ్చిన మార్పే చాలు. ఇంకో సంగతి, రొమ్ము క్యాన్సర్లలో ఇలా వారసత్వంగా వచ్చేవి 100కి ఐదు నుంచి పది మాత్రమే.

ఇవన్నీ ఓ కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పేవాళ్లే జెనెటిక్ కౌన్సెలర్లు. పరీక్షకు ముందే మూడు తరాల వంశవృక్షం గీస్తారు. వీలైతే జబ్బు వచ్చినవాళ్లకే మొదట పరీక్ష చేయిస్తారు. రిపోర్టు ప్రతిసారీ ఉంది, లేదు అని రాదు. మార్పు కనిపించింది గానీ దాని అర్థం ఇంకా తేలలేదు అని కూడా వస్తుంది. అది చూసి ఆపరేషన్‌కు పరిగెత్తకూడదు. హానికరమని తేలితే మాత్రం ఏటా ఎంఆర్ఐ, పిల్లలు పుట్టాక అండాశయాలు తీయించుకోవడం లాంటి దారులున్నాయి. ఏ దారి అన్నది వాళ్లే ఎంచుకోవాలి, కౌన్సెలర్ కాదు. బయాలజీ చదివినవాళ్లకే కాదు, ఆ సీక్వెన్స్ డేటాను జల్లెడపట్టే కోడ్ రాసేవాళ్లకూ ఇక్కడ పని ఉంది.

ఫ్రాంక్లిన్‌కు ఈ దారులేవీ లేవు. 1956లో అమెరికా పర్యటనలో ఉండగా పొట్ట ఉబ్బి, స్కర్టు జిప్ పట్టలేదు. లండన్ తిరిగొచ్చాక ఆపరేషన్ చేస్తే కణితులు బయటపడ్డాయి. ఇప్పుడైతే అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లకు జన్యు పరీక్ష చేయించమనే డాక్టర్లు చెబుతారు. ఆమెది వారసత్వంగా వచ్చిందేనని కొందరు రాసేస్తుంటారు. పరీక్ష జరగలేదు కాబట్టి నేను ఆ మాట అనను. ఆమె అయినా ఒప్పుకునేది కాదు.

అప్పటికి ఆమె బిర్క్‌బెక్ కాలేజీలో పొగాకు మొజాయిక్ వైరస్ మీద పనిచేస్తోంది. చికిత్సల మధ్యే ల్యాబ్‌కు వచ్చేది. ఆమె బృందం 1956లో ఏడు, 1957లో ఆరు పత్రాలు ప్రచురించింది. పోలియో వైరస్ పని కూడా మొదలుపెట్టింది. సహచరుడు ఆరన్ క్లగ్ తర్వాత దాన్ని కొనసాగించాడు, 1982లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. 1958 ఏప్రిల్ 16న ఆమె లండన్‌లో కన్నుమూసింది. మర్నాడు బ్రస్సెల్స్‌లో ప్రపంచ ప్రదర్శన తలుపులు తెరిచారు. లోపల సైన్స్ హాల్లో ఆమె తయారుచేయించిన వైరస్ నమూనా ఉంది.