అబిడ్స్ రామారావు, బొంబాయి మస్తాన్

అబిడ్స్‌లో రామకృష్ణ థియేటర్ అంటే మన అమ్మానాన్నల తరంలో తెలియనివాళ్లు తక్కువ. దాని ఓనర్ నందమూరి తారక రామారావు. చిన్న వయసులోనే చనిపోయిన పెద్ద కొడుకు పేరు దానికి పెట్టుకున్నారు. ఎన్టీఆర్ అనగానే మనకు కృష్ణుడు గుర్తొస్తాడు, లేదంటే ముఖ్యమంత్రి గుర్తొస్తారు. కానీ ఒక నిజమైన స్మగ్లర్ నీడ ఉన్న పాత్ర కూడా ఆయన వేశారని మనలో చాలామందికి తెలీదు. ఈసారి ఆ వైపు నుంచి ఆయన జీవితం చూద్దాం.

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో బీఏ చదివి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉద్యోగంలో చేరి, కొద్ది వారాల్లోనే వదిలేశారు. ప్లేస్‌మెంట్స్‌లో వచ్చిన ఆఫర్ లెటర్‌ని మనం చించేస్తే ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి! 1949లో 'మనదేశం'తో తెరమీదికి వచ్చారు. మొదటి వేషం పోలీస్ ఇన్‌స్పెక్టర్. 1957లో 'మాయాబజార్' కృష్ణుడు అయ్యాక, ఇళ్లల్లో కృష్ణుడి క్యాలెండర్ మీద కూడా ఆయన ముఖమే. అలాగని మంచివాళ్ల పాత్రలకే ఆగిపోలేదు. 'భూకైలాస్', 'సీతారామ కల్యాణం' సినిమాల్లో రావణుడిగా వేసి, రావణుడి మీద కూడా మనకు జాలి పుట్టించారు.

ఇప్పుడు రెండో మనిషి సంగతి. హాజీ మస్తాన్ ఎన్టీఆర్ కంటే మూడేళ్లు చిన్న. తమిళనాడులో రామనాథపురం దగ్గర పుట్టి, చిన్నప్పుడే తండ్రితో బొంబాయి వెళ్లాడు. డాక్‌లో కూలీగా మూటలు మోశాడు. తర్వాత బంగారం స్మగ్లింగ్‌లో పెద్ద డాన్ అయ్యాడు. తెల్ల బట్టలు, బెంజ్ కారు అతని స్టైల్. ఎమర్జెన్సీలో జైల్లో ఉన్నాడు. సలీం-జావేద్ రాసిన 'దీవార్' 1975లో వచ్చింది. అందులో అమితాబ్ పాత్రకి మస్తాన్ జీవితం కొంతవరకు ఆధారం అంటారు. డాక్ కూలీ డాన్ అవ్వడం వరకే ఆ పోలిక. పోలీస్ తమ్ముడు, చేతి మీద పచ్చబొట్టు అన్నీ కల్పనే.

'దీవార్'ని 1976లో తెలుగులో 'మగాడు'గా తీశారు. హీరో ఎన్టీఆర్. అప్పటికి ఆయనకి యాభై ఏళ్లు దాటాయి. అంతకుముందు 1974లో 'జంజీర్' రీమేక్ 'నిప్పులాంటి మనిషి'లో పోలీసు, తర్వాత 1979లో 'డాన్' రీమేక్ 'యుగంధర్'లో డాన్. అంటే చట్టానికి అటూ ఇటూ రెండు వైపులా ఆయనే. చూసేవాళ్లు రెండుచోట్లా విజిల్స్ వేశారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. కాస్టింగ్‌లో ముఖంతో పాటు, ఆ ముఖం మీద మనకున్న నమ్మకం కూడా తెరమీదికి వస్తుంది. కృష్ణుడిగా చూసిన మనిషి స్మగ్లింగ్ చేస్తుంటే, పాపం అతనికి ఏం కష్టం వచ్చిందో అనుకుంటాం. తప్పు వెనక కారణం మనమే వెతికిపెడతాం.

తర్వాత ఇద్దరూ రాజకీయాల్లోకి వచ్చారు. ఎన్టీఆర్ 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. అబిడ్స్ ఇంటి నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న అసెంబ్లీకి కొద్ది దూరమే, కానీ ఆ దూరం దాటడానికి ఆయనకి 33 ఏళ్ల సినిమా పనికొచ్చింది. మస్తాన్ కూడా 1980ల్లో దళితులు, ముస్లింల పేరుతో ఒక పార్టీ పెట్టాడు. అది నిలబడలేదు. తెరమీద డాన్ కథకి చప్పట్లు కొట్టిన జనం, అసలు డాన్‌కి ఓట్లు వేయలేదు.

ఓటు తెచ్చిన ముఖం కూడా ఎప్పుడూ కాపాడలేదు. 1984లో నెల రోజులు పదవి పోయి తిరిగొచ్చింది. 1989లో ఓడిపోయారు. 1994లో మళ్లీ గెలిచి, 1995 ఆగస్టులో సొంత పార్టీవాళ్ల చేతిలోనే పదవి పోగొట్టుకున్నారు. 1996 జనవరి 18న హైదరాబాద్‌లో చనిపోయారు. మస్తాన్ అంతకు రెండేళ్ల ముందే పోయాడు.

ఇప్పుడు కూడా మన హీరోలు నిజమైన దొంగల, ఫ్యాక్షనిస్టుల కథలు చేస్తూనే ఉన్నారు. చూడండి, విజిల్ కూడా వేయండి. బయటికొచ్చాక మాత్రం ఒక్కసారి ఆలోచించండి, మనం క్షమించింది ఆ మనిషినా, మన హీరోనా అని.