కమాను కళాప్రపూర్ణుడు – ద్వారం వెంకటస్వామి నాయుడుగారు

ఫిడేలు అనగానే ఆంధ్రుల మనస్సున మెదలు పేరు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది. వారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యమున పనిచేసి, విశ్రాంతి పొందిన పిమ్మట విశాఖపట్టణమున స్థిరపడిరి. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారే వీరికి ఫిడేలు నేర్పిన గురువు. చిన్ననాటనే చూపు మందగించుట వలన బడిచదువునకు ఆటంకము కలిగెను. కన్ను చేయలేని పనిని చెవి చేయసాగెను.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. విద్యార్థిగా చేరగోరి పోయిన నాయుడుగారి వాద్యమును విన్న పెద్దలు వారిని ఆచార్యపదవియందే నియమించిరి. అప్పటికి వారికి ఇరువదియారేండ్లు. 1936లో దాసుగారి తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

ఫిడేలు పడమటి దేశముల నుండి మనకు వచ్చిన వాద్యము. చిరకాలము అది పాటకు తోడుగానే మ్రోగెను. నాయుడుగారు దానిని తనంత తాను సభను రంజింపజేయగల వాద్యముగా నిలిపినవారిలో అగ్రగణ్యులు. 1938లో వేలూరున వారు ఏకవాద్య కచేరి చేసిరి. వారి విశేషమంతయు కుడిచేతి యందు కలదు. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా గ్రహించి, దానిని మన గమకములకు అనుకూలముగా మలచుకొనిరి. పొడవైన కమాను ఈ కొన నుండి ఆ కొన వరకు నడచినను నాదము సన్నగిల్లెడిది కాదు. 1952లో భారతదేశమునకు వచ్చిన యెహూదీ మెనూహిన్ వారి వాద్యము విని మెచ్చుకొనెను.

అట్టి కమాను నడకను మెచ్చుకొను మనము, దానికి ఆధారమైన ఒక స్వల్పవస్తువును మరువరాదు. అదియే రోజిను. కమానుకు కట్టిన గుర్రపు తోక వెంట్రుకలను ఊరక తీగపై లాగినచో జారిపోవునే గాని నాదము పుట్టదు. సరళవృక్షము, అనగా పైన్ చెట్టు, బంక నుండి టర్పెంటైను తైలమును తీయగా మిగిలిన గట్టిపదార్థమే రోజిను. దానిని పూసిన వెంట్రుక తీగను పట్టి లాగి, విడిచి, మరల పట్టును. సెకనుకు వందలమారులు ఇట్లు జరుగుటచే తీగ కంపించి పలుకును. మన డాల్మా కొండల సాలవృక్షముల గుగ్గిలము చూపునకు దీనిని పోలినను, ఈ పనికి వాడునది అది కాదు.

రోజినులో లేతరంగుది గట్టిది. పట్టు కొంచెము తక్కువ, పొడియు తక్కువ. ముదురురంగుది మెత్తనిది, పట్టు ఎక్కువ. సిద్ధగోరా వంటి చోట వేసవి యెండలోను, వానకాలపు చెమ్మలోను మెత్తనిది జిగటగా మారి నాదమును బొంగురు చేయును గనుక లేతరంగుదియే మేలు. చలికాలమున ముదురురంగుది ఉపకరించును. మితిమీరి పూసినచో తీగలపై తెల్లని పొడి పేరుకొని ధ్వని కీచుమనును. చాలకున్నచో కమాను జారి, ఒక్క కమానులో సాగవలసిన స్వరములు నడుమ తెగును. సాధన ముగియగానే తీగలను, చెక్కను మెత్తని గుడ్డతో తుడువవలెను.

మన యిండ్లలో ఫిడేలు మొదలిడిన పిల్లలు కొందరు కీచుధ్వనికి విసిగి మానివేయుదురు. ఇంటివారు విద్య అబ్బలేదందురు. బిడ్డను నిందించుటకు ముందు కమానును పరీక్షించుట న్యాయము. అంగడిలో రంగును, వెలను చూచుటకంటె, ఒకే స్వరమును కమాను పొడవునా మెల్లగా లాగించి, మొదట, నడుమ, కొనయందు నాదము సమముగా నున్నదా యని వినవలెను. చూపు తక్కువైన నాయుడుగారిని అంతవారిని చేసినది ఈ వినికిడియే గదా!

నాయుడుగారికి 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదమును, 1950లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమును ఒసగెను. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించెను. 1964 నవంబరు 25న వారు పరమపదించిరి. వారి కుమార్తె మంగతాయారుగారును ఫిడేలు విదుషీమణియై ఆ బాణీని నిలిపిరి. తెలుగునాటికి దూరమున నున్న మన పిల్లలలోను ఆ విద్య కొనసాగుగాక!