లైబ్రరీలో పనికి కొత్త లెక్క చెప్పిన రంగనాథన్

1924 జనవరిలో ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియన్‌గా చేరారు. కొద్ది రోజులకే ఆ ఉద్యోగం మీద విసుగొచ్చేసింది. అంతకుముందు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. క్లాసు నిండా కుర్రాళ్లతో గడిపిన మనిషి, ఎవరూ రాని చోట ఊరికే కూర్చోలేకపోయారు. మళ్లీ కాలేజీకి పంపేయమన్నారు. ముందు లండన్ వెళ్లి ఈ పని నేర్చుకుని రండి, తర్వాత చూద్దాం అని నచ్చజెప్పి పంపారు.

అక్కడ చాలా లైబ్రరీలు తిరిగి చూశారు. 1925లో తిరిగొచ్చాక కాలేజీ మాట ఎత్తలేదు. సుమారు 20 ఏళ్లు అక్కడే పనిచేశారు. రోజుకు 13 గంటలు, సెలవు లేకుండా. పెళ్లి రోజు కూడా మధ్యాహ్నానికల్లా లైబ్రరీకి వచ్చేశారని చెబుతారు. ఇది మెచ్చుకోదగ్గదే కానీ, స్టాఫ్ అందరూ ఇలాగే చేయాలంటే మాత్రం న్యాయం కాదు.

అసలు ఆయన గొప్పతనం గంటల్లో లేదు. అప్పట్లో బీరువాలకు తాళాలుండేవి. చదువరి చీటీ రాసివ్వాలి, అటెండర్ వెళ్లి వెతికి తేవాలి. అది కావలసిన పుస్తకం కాకపోతే మళ్లీ చీటీ, మళ్లీ నడక. సగం రోజు తిరగడానికే సరి. రంగనాథన్ పుస్తకాల దగ్గరికి చదువరులనే వెళ్లనిచ్చారు. ఒక విషయం మీద పుస్తకాలన్నీ ఒకేచోట దొరికేలా 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. అలా మిగిలిన టైమును స్టాఫ్ చదువరికి సాయం చేయడానికి వాడాలన్నది ఆయన పట్టుదల.

1931లో రాసిన అయిదు సూత్రాల్లో నాలుగోది చదువరి సమయం ఆదా చేయడం గురించే. ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయో రిజిస్టర్ చెబుతుంది. ఒక స్టూడెంట్ ఎంతసేపు నిలబడి, విసిగి వెళ్లిపోయాడో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆయన పట్టించుకున్నది ఈ రెండో లెక్కనే. ఆఫీసు పని సంగతి కూడా వదల్లేదు. లైబ్రరీలో ఏ పని ఎలా నడవాలో అంచెలంచెలుగా వివరిస్తూ 1935లో విడిగా ఒక పుస్తకమే రాశారు.

1948 నాటి మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం వెనకా ఆయన కృషి ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉండేవి కాబట్టి ఇంటి పన్ను మీద లైబ్రరీ సెస్ మన ఊళ్లకూ వచ్చింది. 1972లో బెంగళూరులో కన్నుమూశారు. అంతకు చాలా ముందే, దాచుకున్న లక్ష రూపాయలు మద్రాసు యూనివర్సిటీకి ఇచ్చి, భార్య శారద పేరు కలిపి లైబ్రరీ సైన్స్ ప్రొఫెసర్ పోస్టు పెట్టించారు.