మిషన్ కాలేజీలో వేదాంతం: సర్వేపల్లి రాధాకృష్ణన్

టీచర్స్ డే అనగానే గుర్తొచ్చే రాధాకృష్ణన్ గారు చదువుకున్నది చాలావరకు క్రైస్తవ మిషనరీల దగ్గరే. తిరుపతిలో, మన వెంకన్న కొండ కిందే, లూథరన్ మిషన్ స్కూల్. తర్వాత వెల్లూరు, ఆపైన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. ఫిలాసఫీ కూడా కావాలని ఎంచుకున్నది కాదండి. ఇంట్లో డబ్బుల్లేవు. ఒక బంధువు తను చదివేసిన పుస్తకాలిస్తే అదే తీసుకున్నారు.

కాలేజీలో హిందూ ధర్మం మీద విమర్శలు వినాల్సి వచ్చేది. జగత్తే మిథ్య అనే వేదాంతంలో నీతికి చోటెక్కడిది అన్నది వాటిలో పెద్దది. మనసు కలత పడింది. అయినా కోపంతో కాలేజీ మానేయలేదు, మతమూ మారలేదు. మన గ్రంథాల్లో నిజంగా ఏముందో చూద్దామని తనే చదవడం మొదలుపెట్టారు. 1908లో, 20 ఏళ్లకే, వేదాంతంలోని నీతి మీదే ఎం.ఏ. థీసిస్ రాశారు. చూడాల్సింది మిషనరీ ప్రొఫెసర్ ఏ.జి. హాగ్. నొచ్చుకుంటారేమోనని ఒకటే భయం! హాగ్ మాత్రం మెచ్చుకుని సర్టిఫికెట్ రాసిచ్చారు. ఆ గురువుగారికీ ఓ దండం పెట్టాలి.

థీసిస్ అదే ఏడాది పుస్తకంగా వచ్చింది. 1909లో మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో రాధాకృష్ణన్ గారు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు.