మర్హూమ్ ఫైసల్ బిన్ అబ్దుల్ అజీజ్

చమురు అమ్ముకొనే రాజు దాని ధర పెరిగినకొద్దీ సంతోషిస్తాడని లోకం భావిస్తుంది. సౌదీ అరేబియా రాజు ఫైసల్ జీవితం ఈ భావనకు లొంగదు. 1973లో చమురును అస్త్రంగా ప్రయోగించిన పాలకునిగా ఆయన జగత్ప్రసిద్ధుడు. ధర మితిమీరరాదని కోరిన ఫైసల్‌ను ఎరిగినవారు తక్కువ. ఆ ఫైసల్‌ను గూర్చియే మేము ఇక్కడ ముఖ్యంగా ప్రస్తావింపదలచినాము.

ఆయన 1906లో రియాద్‌లో జన్మించారు. తల్లి బాల్యంలోనే గతించగా, ధర్మవేత్త అయిన మాతామహుని వద్ద విద్య నేర్చారు. 1919లో, ఇంకా బాలుడై యుండగానే, తండ్రి ఇబ్న్ సౌద్ ప్రతినిధిగా లండన్ వెళ్ళారు. 1926లో హిజాజ్ పాలన, 1930లో విదేశాంగ శాఖ ఆయనకు దక్కాయి. ఆ రోజులలో హజ్ యాత్రికుల వల్ల వచ్చే రాబడియే ఖజానాకు ప్రధానాధారం. ప్రపంచ ఆర్థిక మాంద్యంలో యాత్రికులు తగ్గిపోగా రాజ్యం అప్పులపాలైంది. పరదేశాల లేమి తమ ఇంటిని ఎట్లు ఎండగట్టునో ఆయన యౌవనంలోనే కన్నులారా చూశారని మా అభిప్రాయం. 1938లో దమ్మామ్ వద్ద చమురు పుష్కలంగా పడింది.

1964లో రాజ్యాభిషిక్తుడయ్యే నాటికే ఆయన దివాలా తీసిన ఖజానాను చక్కదిద్దారు. 1962లో బానిసత్వాన్ని రద్దుచేశారు. సతీమణి ఇఫ్ఫత్ సహకారంతో బాలికల విద్యకు దారి తీశారు.

ఇక 1973 సంగతి. విద్యార్థులు తరచుగా రెండు విషయాలను ఒకటిగా కలిపివేస్తారు. యుద్ధంలో ఇజ్రాయెల్‌కు అమెరికా తోడ్పడినందుకు అక్టోబరులో విధించిన సరఫరా నిషేధం ఒకటి. ధర పెంపు మరొకటి. మొదటిది రాజకీయం, దానికి ఫైసల్ మనస్ఫూర్తిగా పూనుకున్నారు. రెండవదాని విషయంలో ఆయన మనసు వేరు. అక్టోబరు 16న గల్ఫ్ దేశాలు పీపా ప్రకటిత ధరను సుమారు 3 డాలర్ల నుండి 5 డాలర్లు దాటించాయి. డిసెంబరులో టెహ్రాన్ సమావేశం దానిని 11.65 డాలర్లకు చేర్చింది. బొగ్గునుండి, షేల్ రాతినుండి నూనె తీయడానికి ఎంత ఖర్చగునో చమురుకు అంత వెల ఉండవలెనని ఇరాన్ షా వాదం. ఇరాన్‌లో జనం ఎక్కువ, నిల్వలు తక్కువ. ఆయనకు సొమ్ము వెంటనే కావాలి. సౌదీలో జనం తక్కువ, నిల్వలు తరతరాలకు చాలునన్ని. వెల హద్దు మీరితే కొనేవారి పరిశ్రమలు కుంగుతాయి. వారు అణుశక్తికీ, బొగ్గుకూ మళ్ళితే నేలలోని చమురు నేలలోనే మిగులుతుంది. పైగా పాశ్చాత్య దేశాలు కుప్పకూలితే కమ్యూనిజం బలపడునని ఫైసల్ భయం. ఆయన మంత్రి జకీ యమానీ అయిష్టంగానే అంగీకరించారు.

ఇక్కడ ఫైసల్‌ను మేము పూర్తిగా సమర్థింపలేము. అరబ్బుల ఐక్యత చెడరాదని ఆయన తలవంచిన ఆ ధర అమెరికాను కుదిపినదానికంటె పేద దేశాలను ఎక్కువగా బాధించింది. భారతదేశంపై నిషేధం లేదు. అయినా కిరసనాయిలు దీపం వెలిగించుకొనే ఇంటికీ ఆ భారం తప్పలేదు. 1974 మార్చిలో నిషేధం తొలగింది, ధర మాత్రం దిగలేదు. అదే సంవత్సరం చమురును వేలం వేసి ధర తగ్గింపవలెనని సౌదీ తలపెట్టినా, తోటి దేశాల ఒత్తిడివల్ల విరమించుకుంది.

ఆయన భయపడినదే నిజమైంది. 1974లోనే ఫ్రాన్స్ అణు విద్యుత్తుకు భారీ ప్రణాళిక వేసింది. 1975లో బ్రెజిల్ చెరకునుండి ఇంధనం తీయడానికి పూనుకుంది. 1979 తరువాత ధరలు మరింత ఎగబాకి, 1986లో పీపా 10 డాలర్ల స్థాయికి కుప్పకూలాయి.

అది చూడడానికి ఫైసల్ లేరు. 1975 మార్చి 25న రియాద్‌లో అతిథులను కలుసుకొను వేళ, సోదరుని కుమారుడే ఆయనను కాల్చి చంపాడు. నగరంలోని అల్ ఊద్ ఖబ్రస్తాన్‌లో, పేరు చెక్కని సమాధిలో, ఆయనను ఖననం చేశారు.